జపాన్ రుక్మాబాయి

ఏందిరా, పొద్దుగాల సంది ఆ ఫోన్ల మొఖం పెట్టినవ్? ఇటు తే సూద్దాం. కత్తులు, గుర్రాలు, ఇనుప టోపీలు... జపానోళ్లా? ఆగాగు, జర ఎనకకు తిప్పు. ఆ ఎర్రజెండా మీద గుండ్రంగ ఉన్నయేందవి? మీద మూడు, కింద మూడు, ఆరు పైసలా? ఓరి నీ... సనాదోళ్లురా వాళ్లు! సనాద వంశం. అట్ల నోరు తెరుస్తవేంది? మీ తాతకెట్ల తెలుసంటవా? నువ్వు పుట్టకముందు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు దిక్కుల ఆ వంశం కథ తెల్వనోడు లేకుండె. మన పక్కూరోళ్ల పేర్లు మర్చిపోయినోడు సుత సనాదోళ్ల పెద్దకోడలు పేరు చెప్పేది. అదంత రుక్మాబాయి పుణ్యం. జపాన్ రుక్మాబాయి. పక్కకు పెట్టు ఫోన్. దాంట్ల ఉన్నోళ్లు యాడికి పోరు గనీ.

రుక్మాబాయిది మోతె దిక్కు ఒక తండా. ఇంట్ల లంబాడి బాస, బైటికొస్తె తెలుగు. మనిషి ఇంత పొడుగు, మోచేతుల మీద దాక తెల్లగాజులు, గదుమ మీద పచ్చబొట్టు. గొంతంటవా, మిర్యాలగూడల రైస్‌మిల్లు నడుస్తున్నా దాని మీంచి ఇనబడేది. పెండ్లి కాకముందు వాళ్ల తండాకు ఒక బుర్రకథ దళం వచ్చిందంట. సగం కథల చెప్పేటాయనకు గొంతు పడిపోయింది. ఈ పిల్ల ముందల కూసొని ఇంటున్నది, లేసి ఆయన చేతిల తంబుర తీస్కొని, తోచినట్టు మిగిలిన సగం చెప్పేసిందంట. తండా పెద్దలు తిట్టాలెనో మెచ్చుకోవాలెనో తెల్వక పరేషానయ్యిన్రంట. నీకు బుర్రకథ తెల్వదు గదా. ముగ్గురుంటరు. నడుమ కథ చెప్పేటోళ్లు, భుజాన తంబుర. ఇటొకడు అటొకడు వంతగాళ్లు, చేతుల డక్కీలు. ఒకడు నవ్విచ్చాలె, ఇంకొకడు న్యాయం, రాజకీయం మాట్లాడాలె. ఆమె పెనిమిటి తులసీరాం రాజకీయం దిక్కు. వాడు నవ్వంగ నేను సూసింది లేదు, ఫోటో దిగేటప్పుడు సుత పోలీసోని లెక్క నిలబడేది. నవ్విచ్చేటోణ్ణి నేను. ఏం, నమ్మవా? మీ నాయినమ్మ నన్ను చేసుకున్నదే ఆ నవ్వు సూసి. తర్వాత నవ్వలేదనుకో, అది వేరే ముచ్చట.

అప్పట్ల సర్కారోళ్లు మాతోని కుటుంబ నియంత్రణ కథలు చెప్పిచ్చేది. ఇద్దరు చాలు, ముగ్గురు వద్దు. రుక్మాబాయి అక్కకేమో అయిదుగురు! పెద్దవూరల కథ చెప్తుంటె ఒక ముసల్ది లేసింది, "నీకెందరు బిడ్డా?" అన్నది. నేనందుకున్న, "అవ్వా, బురదల పడ్డోడే గదా బురదుందని చెప్పేది, ఒడ్డు మీదున్నోనికేం ఎరుక?" అన్న. జనం పడి పడి నవ్విన్రు. తులసీరాం నా దిక్కు సూసిన సూపు... సరే, ఆ పెద్దవూర కథ అయినంక మమ్ముల సాగర్‌కు తోలిన్రు. గాడ దొరికింది మాకు జపాన్.

సాగర్‌ల నాగార్జునకొండ ఉన్నది గదా, బుద్ధుని జాగ. జపానోళ్లు మొక్కుకోను వస్తరు. ఆ దినం గాలి లేసి లాంచీలు ఆపిన్రు. గెస్ట్‌హౌస్ వరండల జపానోళ్లంత గుంపుగ కూసున్నరు, పక్కకు మేము. పొద్దు పోక అక్క తంబుర సవరిచ్చుకుంట రాగం తీస్తున్నది. ఆ గుంపుల నుంచి ఒక ముసలామె లేసి వచ్చి ఎదురుంగ కూసున్నది. ఇంతంత మనిషి, తెల్లజుట్టు, చేతిల నల్లగొడుగు. ఇనుకుంట ఇనుకుంట తంబుర దిక్కు చెయ్యి సూపిచ్చి ఏందేందో అన్నది. వాళ్లకొక గైడ్ ఉండె, దామోదర్ అని. ఆయన ఇంగ్లీష్‌ల అడిగి మాకు చెప్పిండు, "వాళ్ల దేశంల సుత గిట్లనే తీగె మీటుకుంట యుద్ధాల కథలు చెప్తరంట." అక్క ఊకుంటదా? "అయితె ఒకటి చెప్పుమను" అన్నది.

ఇగ సూడు తమాష. ఆమె చెప్తది, కండ్లు పెద్దగ చేస్తది, చేతులు తిప్పుతది, గొడుగు లేపుతది, చాయ్ చల్లారేదాక చెప్తది. అంత ఇని దామోదర్ అంటడు, "గొడవైందంట." మల్ల ఆమె అంతసేపు. ఈయన, "గొడవ పెద్దగైందంట." అక్కకు మండింది. "ఓ దామోదర్ సారూ, ఆమె సద్దిమూట ఇప్పి పెడ్తుంటె నువ్వు మాకు మెతుకు మెతుకు ఇసురుతున్నవేంది? మింగిందంత కక్కు!" అన్నది. పాపం దామోదర్ నోరు మూసుకొని, మొదటి సంది మల్ల అడిగి, అరటిపండు ఒలిచినట్టు చెప్పిండు. అక్కను పట్టుకున్నది మాత్రం ఆయన మాట కాదు. నడుమల ఆ ముసలామె లేసి, గొడుగు బల్లెం లెక్క అడ్డం పట్టి, వరండ మెట్ల మీద కాళ్లు ఎడం పెట్టి నిలబడ్డది. ఎవరినో లోపలికి రానియ్యనట్టు. తెల్లజుట్టు గాలికి ఎగురుతున్నది. అక్క నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "మైసా, ఎవరా ఆడది? ఎవరిని ఆపుతున్నది?" అన్నది.

ఎవరంటె, సనాదోళ్ల పెద్దకోడలు. కొమత్సు. ఆ ముసలామెది సనాదోళ్లు కోట కట్టిన ఊరేనంట, అందుకే అంత ఊపుగ చెప్పింది. సమురాయిలంటె కత్తి కట్టుకొని కొలువు చేసేటోళ్లు. ఎవరి ఉప్పు తింటె వాళ్ల కోసం తల తెగ్గొట్టుకునేటోళ్లు. సనాదోళ్లు మొదట గొప్పోళ్లేం కాదు, నాలుగు దిక్కుల పెద్ద పెద్ద దొరలు, నడుమ కొండలల్ల వీళ్లు. తండ్రి మసయుకి. అబ్బో, వాని తెలివి! ఇయ్యాల ఈ దొరతోని, రేపు ఆ దొరతోని, ఎవనికీ చిక్కడు. జెండా మీద ఆరు పైసలు. మన దగ్గర పీనుగు నోట్లె పైస పెడ్తం గదా, వాళ్లకు సుత సచ్చినోడు దాటాల్సిన నది ఒకటున్నదంట, పడవ కిరాయి ఆరు పైసలు. యుద్ధానికి పోయేటప్పుడే ఆ కిరాయి జెండా మీద పెట్టుకొని పోయేది. ఎదుటోడు ఆ జెండా సూసి ఏమనుకోవాలె? వీళ్లు సావు ముచ్చట ముందే ఖతం చేసుకొని వచ్చిన్రు, ఇగ వీళ్లతోని ఏం పెట్టుకుంటం అనుకోవాలె. అక్క అది చెప్పినప్పుడల్ల జనం ఈలలు.

మసయుకికి ఇద్దరు కొడుకులు. పెద్దోడు నొబుయుకి, నిదానం మనిషి. చిన్నోడు యుకిమురా, నిప్పు. దేశం ఏలిన పెద్దదొర సచ్చిపోయిండు, ఆయన కొడుకు చిన్న పిల్లగాడు. సగం మంది ఆ పిల్లగాని దిక్కు, సగం మంది తొకుగావ అనే ముసలి దొర దిక్కు. పెద్దకొడుకు పెండ్లాం కొమత్సు ఎవరనుకున్నవ్? ఆ తొకుగావ సాదుకున్న బిడ్డ. ఇగ తండ్రీ కొడుకులు ముగ్గురు ఒక ఇంట్ల తలుపులేసుకొని కూసున్నరు. బైటికొచ్చేటప్పటికి తండ్రి, చిన్నోడు పిల్లగాని దిక్కు, పెద్దోడు తొకుగావ దిక్కు. నిజంగ కొట్లాడి ఇడిపోయిన్రో, ఎవడు గెల్సినా ఇంటి దీపం ఆరొద్దని మాట అనుకొనే ఇడిపోయిన్రో, ఆ ముచ్చట వాళ్ల దేశంలనే ఇప్పటికీ తెగలేదంట. ఏం? నీ ఫోన్ల ఇదంత లేదా? ఉండది మరి.

ఇంటికొచ్చినంక అక్కకు నిద్ర లేదు. పత్తి ఏరుకుంట సుత సనాదోళ్లే. పేర్లు మార్చుదామా అన్న నేను, మసయుకిని మాసయ్య చేద్దాం అని. "వద్దు మైసా, వాళ్ల పేర్లు వాళ్లకుండనీ, అవి తీసేస్తె వాళ్ల దగ్గర మిగిలేదేముంది?" అన్నది. మొట్టమొదలు సూర్యాపేటల మార్కెట్ యార్డు హమాలీలు పెట్టిచ్చిన కథల ఇప్పింది. రెండు మాటలు కాకముందే ఒకడు లేసిండు, "జపానోళ్ల కథ మాకెందుకు?" అక్క తంబుర ఆపకుంటనే అందుకున్నది, "లంక కథ ఇనలేదా తమ్మీ? రావణుడు నీకు మేనమామనా?" ఒకటే నవ్వు. ఇగ తొకుగావ పేరు రాంగనే నేను డక్కీ ఆపి అడిగిన, "ఏందక్కా, తొక్కు గావాల్నా? ఏం తొక్కు, మామిడికాయనా చింతకాయనా?" అంతే. యార్డంత ఎగిరిపోయింది. అప్పటి సంది మూడు తాలూకాలల్ల ఆ ముసలి దొర తొక్కు దొర అయ్యిండు. నన్ను మార్కెట్ల సూస్తె పిల్లలు, "తాతా, తొక్కు గావాల్నా?" అని ఉరికేది. తాతనేం కాదప్పుడు, నాకు మీసాలు నల్లగ ఉండె.

అసలు ముచ్చట ఇగ ఇను. మండలాలు కొత్తగ వచ్చినయ్, ప్రెసిడెంట్ ఎలక్షన్లు. అక్కోళ్ల తండా కానుకొని ఒక ఊరున్నది. పేరెందుకు, వాళ్ల పిల్లలు ఇంకా ఉన్నరు. ఆ ఊరి పెద్దపటేల్‌కు ఇద్దరు కొడుకులు. గోపాల్ పెద్దోడు, జగదీశ్ చిన్నోడు. ముసలాయన పార్టీ టికెట్ చిన్నోనికి ఇప్పిచ్చిండు. పెద్దోనికి కాలింది, ఎదుటి పార్టీల జొచ్చిండు. పెండ్లాం సుగుణ, ఇద్దరు పిల్లలను తీస్కొని ఊరవతల ఇల్లు కట్టుకున్నడు. సుగుణ కోదాడ పిల్ల. మాట ఆంధ్ర దిక్కు గుంజుతది, "ఏమండీ, అలాగేనండీ" అని మెత్తగ ఉంటది, నిలబడితె మాత్రం బండ కదిలినా ఆమె కదలదు. ఊరు రెండు ముక్కలైంది. గోపాల్ మనిషి ఒకనికి తల పగిలింది, పటేల్ జీతగానికి చెయ్యి ఇరిగింది. మనుమలు తాత వాకిట్లకు పోవుడు బంద్. ఊరోళ్ల సంగతి ఊరోళ్లది, తండాకేంది అంటవా? ఉన్నది. సాగర్ ఎడమ కాలువ నుంచి పిల్లకాలువ ఒకటి పటేల్ పొలంల నుంచి గోపాల్ పొలంలకు, దాని కిందికి తండా పొలాలకు పోతది. కొడుకు మీద కోపంతోని పటేల్ తన పొలంల షట్టర్ దించిండు. గోపాల్‌కు బోరున్నది, బతికిండు. తండాల నాట్లు ఎండుడు షురువైనయ్. అక్క వాళ్లన్న బాల్యా పోయి పటేల్ కాళ్లు మొక్కితె, "నా కొడుకునడుగు" అన్నడంట. కొడుకు కాడికి పోతె, "మా నాయిన్నడుగు" అన్నడంట.

అక్క ఒక దినం సక్కగ పటేల్ ఇంటికి నడిచింది. ఎనకాల మేమిద్దరం. నేను మనసుల దేవుళ్లందరిని తలుసుకుంటున్న. పటేల్ మంచంల కూసొని చుట్ట తాగుతున్నడు. "ఏం రుక్మా, నీళ్ల కోసమా?" అన్నడు. "కాదు పటేలా. ఊర్ల మనుషులు ఒక్క తాన కూసొని ఎన్ని దినాలయ్యె? కథ చెప్త." "ఏం కథ?" "ఒక తండ్రి, ఇద్దరు కొడుకుల కథ." చుట్ట పక్కకు పెట్టిండు. "రామాయణమా, భారతమా?" "జపాన్‌ది." ముసలాయన నవ్విండు. జపానంటె ఆయనకు రేడియో ఒక్కటే ఎరుక. చెప్పుకొమ్మన్నడు.

కరెంట్ నమ్మకం లేదని పొద్దు నడినెత్తి దిగంగనే మొదలు పెట్టినం, బడి ముంగట. నడుమ తొవ్వ ఇడిచి ఇటు పటేల్ మనుషులు, అటు గోపాల్ మనుషులు, అందరి ఒళ్లల్ల కట్టెలు. ఆడోళ్లు అరుగు మీద, సుగుణ పిల్లలను ఒళ్లె పెట్టుకొని కూసున్నది. ఇద్దరు పోలీసోళ్లు చెట్టు లేక బడిగోడ నీడకు నిలబడ్డరు. అక్క మొదలు పెట్టింది, తందాన తాన. ఆరు పైసల జెండా అనంగనే పటేల్ మెడ లేపిండు. మసయుకి జిత్తులు చెప్తుంటె మీసం మెలేసుడే మెలేసుడు. తలుపులేసుకొని ముగ్గురు మాట్లాడుకునే కాడ మాత్రం రెండు దిక్కులోళ్లు ముందుకు జరిగిన్రు. గోపాల్ తల వంచుకొని కట్టెతోని మట్టిల గీతలు గీస్తున్నడు.

ఇగ కోట తలుపు కాడికి వచ్చింది కథ. తండ్రీ కొడుకులు ఇడిపోయినంక ముసలి మసయుకి తన కోటకు తిరిగిపోతున్నడు. తొవ్వల పెద్దకొడుకు కోట తగిలింది. కొడుకు ఇంట్ల లేడు, యుద్ధానికి పోయిండు. కోడలు కొమత్సు ఉన్నది. నేను మసయుకిని, డక్కీ మీద గుర్రమెక్కినట్టు ఎగురుకుంట పోయి పిలిచిన, "బిడ్డా కొమత్సూ, తలుపు తియ్యి. యుద్ధానికి పోతున్న, మల్ల వస్తనో రానో. మనుమలను ఒక్కసారి సూసి పోత." అక్క తంబుర బల్లెం లెక్క అడ్డం పట్టింది. అచ్చం ఆ ముసలామె గొడుగు పట్టినట్టు. తర్వాత నేను నూరుసార్లు ఆ ఆట ఆడిన గనీ ఆ దినం నాకు నిజంగనే భయమైంది. "మామా, మీరు నాకు తండ్రి లెక్క. గనీ ఇయ్యాల మీరు నా మొగని దొరకు పగోళ్లు. మొగడు లేని ఇంట్ల పగోణ్ణి రానిస్తె నేను కోడల్ని కాను. ఇంకొక్క అడుగు ముందుకేసిన్రా, మాట్లాడేది నేను కాదు, ఈ బల్లెం." అట్లనంగనే ఊరు ఊరంత తల తిప్పి సుగుణ దిక్కు సూసింది. పటేల్ మొఖం ఎర్రగైంది. ఆయన మనిషి ఒకడు కట్టె పట్టుకొని లేసిండు, "ఏయ్, ఆపు! మా పటేల్‌నే అంటవా?" అటు దిక్కు నుంచి నలుగురు లేసిన్రు. అయిపోయింది మైసా, ఇయ్యాల నీ నవ్వులు ఖతం అనుకున్న. పటేల్ చెయ్యి లేపిండు. "కూసోరా! కథ సాగనియ్యి. ఆ కోడలు పిల్లలను సూపిచ్చిందా లేదా, నాకు తెల్వాలె."

అక్క అందర్ని ఒక్కసారి కలియజూసింది. తంబుర దించింది. కొంగుతోని మొఖం తుడుసుకున్నది. "గొంతెండింది పటేలా, నీళ్లు లేవు" అన్నది. ఎవరో ఉరికి చెంబు తెచ్చిన్రు. అక్క చెంబు ముట్టలేదు. "ఈ నీళ్లు కాదు. మా తండాకు నీళ్లు లేక నా గొంతెండింది. పొలానికి నీళ్లొచ్చిన దినం మిగిలింది చెప్త" అని తంబుర సంకల పెట్టుకొని నడిచింది! మా ఇద్దరికి సుత ముందుగాల చెప్పలేదురా. నేను ఒక కాలు లేపి గుర్రం మీదనే ఉన్న ఇంకా.

ఇగ ఊరికి పిచ్చి లేసింది. రామాయణం నడుమల ఆపితె ఏముంది, అందరికీ ఎరుకే. ఇది జపాన్‌ది! సూర్యాపేటల సుత కథ ఆ తలుపు దాక రాలే, మిగిలిన సగం మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెల్వది. మంగలి కాడ కూసుంటె గడ్డం సగం గీసి, "సూపిచ్చిందా లేదా చెప్పు, మిగిలిన సగం గీస్త" అన్నడు. సగం గడ్డంతోనే ఇంటికొచ్చిన. తులసీరాంను అడిగేటంత ధైర్యం ఎవరికీ లేదు. జగదీశ్ సూర్యాపేటకు పోయి లైబ్రరీల అడిగిండంట, దొరకలే. పటేల్ మనిషిని సాగర్‌కు తోలిండు, దామోదర్ దగ్గరికి. దామోదరేమన్నడంట? "నేను ఒక చెవుల ఇని ఇంకొక బాసల ఇడిచేస్త, నా దగ్గర ఏం మిగలదు." పటేల్ అక్క మీద కోపానికొచ్చి తండాను బెదిరిచ్చిండు గనీ బెదిరిచ్చి ఏం చేస్తడు? కొడితె నోరు మూసుకుంటది, నోరు మూసుకుంటె కథ పాయె. అక్క ఇంట్ల మాత్రం తిండి సరిగ తినలేదు. నాట్లు పసుపుపచ్చగైతున్నయ్. "తప్పు చేసిన్నా మైసా?" అని ఒకసారి అడిగింది. బాల్యా అయితె చెల్లెతోని మాట్లాడుడే బంద్ చేసిండు.

గప్పుడు ఒకదినం తెల్లారంగనే సుగుణ తండాకొచ్చింది. ఒక్కతే. నేను అక్క వాకిట్ల డక్కీకి తోలు బిగిస్తున్న. "అక్కా, ఆవిడ పిల్లల్ని చూపించిందా లేదా?" అన్నది. అక్క, "నువ్వయితె ఏం చేస్తవమ్మా?" అన్నది. ఆ పిల్ల గుంజను పట్టుకున్నది. "తలుపైతే తీయనక్కా. ఆయన మాట పోతుంది." పోను తిరిగింది. "కానీ తలుపు బయటికి నేను రాకూడదని ఎవరూ అనలేదు కదా" అన్నది, తనతోని తను మాట్లాడుకున్నట్టు. అంతే, పోయింది. అక్క ఏం చెప్పలే. ఒట్టు, ఒక్క ముక్క చెప్పలే. ఆమె పోయినంక తంబుర ఒళ్లె పెట్టుకొని కండ్లు తుడుసుకున్నది.

పటేల్ దినాం పొద్దుగాల షట్టర్ కాడ కాపలా కూసునేది, ఎవడన్న లేపుతడేమోనని. మరునాడు సుగుణ ఇద్దరు పిల్లలను తీస్కొని గట్టెంబడి నడుసుకుంట పోయింది. సూసినోడు తులసీరాం. వాడు అబద్ధమాడడు, నవ్వనోనికి అబద్ధం సుత రాదు. ఆమె ఇరవై బారల దూరంల ఆగి పిల్లలను ముందుకు తోలిందంట. పటేల్ లేసి నిలబడ్డడంట, తలకు రుమాలు సుట్టుకోబోయి జారిడిసిండంట. చిన్నది పోయి తాత వేలు పట్టుకున్నది. పెద్దోడు మాత్రం షట్టర్ దిక్కు సూసి, "తాతా, ఇదెందుకు?" అన్నడంట. "తిప్పితె నీళ్లొస్తయి బిడ్డా." "తిప్పనా?" ముసలాయన కోడలి దిక్కు సూసిండు. ఆమె ఇటు తిరిగి నిలబడ్డది, ఏం ఇననట్టు. "తిప్పు" అన్నడంట. పిల్లగాడు ఏం తిప్పగలుగుతడు, తాత చేతులేసిండు. కాలువల చెప్పులు కొట్టుకపోయినయని చిన్నది ఏడ్చిందంట, ఆ చెప్పులు మా బాల్యా పొలంల తేలినయ్!

ఆ మాపటికే మల్ల బడి ముంగట జనం. ఈసారి నడుమ తొవ్వ ఇడవలే, జాగ లేక. అక్క మొదలు పెట్టింది. కొమత్సు తలుపు తియ్యలేదు. మామ మెచ్చుకొని, "సమురాయి బిడ్డవంటె నువ్వే" అని పోయి దగ్గరున్న గుడిల దిగిండు. జరసేపటికి పల్లకీల కొమత్సు, పిల్లలను ఎంట పెట్టుకొని తనే గుడికొచ్చింది. తాత తనివిదీర సూసుకున్నడు. ఇది చెప్పంగనే బడి కప్పు లేసిపోయేటంత సప్పుడు. సుగుణ కొంగు నోట్లె కుక్కుకున్నది, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో. పటేల్ లేసి వేలు సూపిచ్చిండు, "అబద్ధం! మమ్ముల సూసి కలిపినవ్ ఇది!" అక్క తంబుర నెత్తికి ముట్టిచ్చుకొని ఒట్టేసింది. ఎవడు నమ్మాలె? ఇప్పటికీ ఆ ఊర్ల, అది మా సుగుణమ్మ కథనే, జపానోళ్లకు రుక్మాబాయి అంటగట్టింది అంటరు. నువ్వు ఫోన్ల సూడు, ఉంటది. సూసి నాకు జర సదివిపెట్టు. చెప్తుంటె నాకే అనుమానం వస్తది ఒక్కోసారి.

కథ ఆడికి అయిపోలే. మసయుకి పిడికెడు మందితోని తన కోటల నిలబడి తొక్కు దొర కొడుకు సేననంత ఆపిండు. వాడు అసలు యుద్ధానికి అందనే లేదు. అయినా తొక్కు దొరనే గెలిసిండు. తండ్రికి, చిన్నోనికి తల తీసే శిక్ష. పెద్దోడు, కొమత్సును కన్న తండ్రి పోయి దొర కాళ్ల మీద పడి బతిమిలాడితె పాణం ఇడిచి కొండల్లకు ఎల్లగొట్టిన్రు. ముసలాయన ఆ కొండ మీదనే సచ్చిపోయిండు. ఆడ పటేల్ ఒప్పుకోలే. "అట్లెట్ల సస్తడు? అంత తెలివైనోడు! మల్ల చెప్పు, సరిగ చెప్పు" అని లొల్లి. అక్క, "నేనేం చెయ్య పటేలా, నాలుగు వందలేండ్లాయె" అంటె, "అయితేంది?" అన్నడు. ఎలక్షన్ల గోపాల్ గెలిసిండు. పటేల్ ఏడుస్తడనుకున్నరు అందరు. ఆయన అరుగు మీద కూసొని చుట్ట ముట్టిచ్చి, "ఎవడు గెలిస్తేంది, కుర్సీ మనింట్లనే ఉన్నది గదా" అన్నడు. ఇగ సూడు ఊరి పరేషాన్! నిజంగ కొట్లాడిన్రా, మాట అనుకొనే ఇడిపోయిన్రా అని. నేను పటేల్‌నే అడిగిన ఒకసారి. కన్ను కొట్టిండు. కంట్ల నలుసు పడ్డదేమో మరి, నాకు తెల్వదు.

అప్పటి సంది ఆమె జపాన్ రుక్మాబాయి. మఠంపల్లి సిమెంటోళ్లు పిలిచిన్రు, మిర్యాలగూడ మిల్లులోళ్లు పిలిచిన్రు, కోదాడల అయితె ఒక పెండ్లిల చెప్పిచ్చిన్రు. పెండ్లిల యుద్ధమేందిరా అంటె, కోడలికి తెల్వాలె అన్నరు. ఎనకాల ఇంటింటికి టీవీలొచ్చినయ్. జనం తగ్గిన్రు. తులసీరాం ముందుగాల పోయిండు. ఆఖరుకు మిర్యాలగూడల ఒక మిల్లు వాకిట్ల చెప్పినం, అక్క, నేను, ఇద్దరమే. యుద్ధాలు కాంగనే జనం లేసిపోయిన్రు, ఎప్పుడూ అంతే. అక్క మాత్రం ఆపలే. చిన్నోడు యుకిమురా మల్ల కత్తి పట్టి యుద్ధంల సచ్చిపోయిండు, కొమత్సు సుత పోయింది. పెద్దోడు నొబుయుకి ఉన్నడు గదా, ఆ నిదానం మనిషి, వాడు తొంభై దాటిందాక బతికిండంట. వాడు నిలబెట్టిన ఇల్లు ఇంకా రెండు వందల యేండ్లకు మీదనే నిలిచింది. అదంత ఆ ఖాళీ వాకిట్ల పూరాగ చెప్పి, తంబుర దించి, నా పక్కకొచ్చి కూసున్నది. ఏమన్నదో తెలుసా? "మైసా, తండ్రి పాయె, తమ్ముడు పాయె, పెండ్లాం పాయె. తొంభై యేండ్లదాక ఆ నొబుయుకి ఎవరితోని మాట్లాడిండో? ఆ గొడుగు ముసలామెను అది అడగకపోతిమి సూడు" అన్నది. ఆ యేడే చలికాలంల జ్వరమొచ్చి పోయింది అక్క. మల్ల నేను డక్కీ...

...

ఆఁ? ఏం లేదు. ఎండ మీదికొచ్చింది గదా, కండ్లల్ల కొడుతున్నది, అటు జరుగు. మీ అమ్మ చాయ్ పెడ్తున్నదేమో సూడుపో, నాకు చక్కెర ఎక్కువ వెయ్యమను.